తెల్ల గిత్తకు నీడ: ఒంగోలులో రెండు ఆదివారాల కార్డుల తరగతి

ఒంగోలులో ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు ఏటా నవంబరులో రెండు ఆదివారాలు తన ఇంటి మేడమీద గదిలో తరగతి నడుపుతారు. రబ్బరు స్టాంపుతో కార్డు మీద బొమ్మ అచ్చువేసి, దానికి రంగులు నింపి, వెలుగునీడలు తీర్చి, కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ పంపుకొనే గ్రీటింగు కార్డులు తయారుచేయడం అక్కడ నేర్పుతారు. ఈసారి నేను కావలి నుంచి ఆ రెండు ఆదివారాలూ పొద్దున రైలుకు వెళ్లి, సాయంత్రం దాకా కూర్చుని నేర్చుకుని వచ్చాను. రుసుము 1,800 రూపాయలు. కాగితం, సిరాలు, రంగులు అన్నీ ఆయనే ఇస్తారు, మధ్యాహ్న భోజనం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి. ఒక విడతకు ఆరుగురికి మించి చేర్చుకోరు. తన పేరు, చిరునామా రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు. ఊళ్లో బొమ్మల సామాను అమ్మే దుకాణాల్లో అడిగితే దారి చెబుతారు.

నేను ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ తరగతి విలువ నాకు అక్కడే తెలిసింది. పోయిన డిసెంబరులో ఆన్‌లైనులో 48 మార్కర్ల పెట్టె, దానితోపాటు ఒక నల్ల ఇంకు ప్యాడు తెప్పించుకున్నాను. ఎంత తడిసినా చెరగని సిరా అని ఆ ప్యాడు మూత మీద రాసి ఉంది. క్రిస్మస్ నక్షత్రం అచ్చు చక్కగా పడింది, గీతలు నల్లగా, స్పష్టంగా వచ్చాయి. ఒక రాత్రంతా ఆరనిచ్చి మరునాడు పసుపు మార్కరు పెట్టగానే నల్ల గీత కరిగి పసుపులోకి పాకింది, నక్షత్రం మొత్తం బురద రంగుకు తిరిగింది. సరిగా ఆరలేదేమోనని ఇంకొన్నింటిని రెండు రోజులు ఆరబెట్టి చూశాను, అదే జరిగింది. మొత్తం పన్నెండు కార్డులు పాడయ్యాయి. తప్పు నా చేతిదో, మార్కరుదో, కాగితానిదో ఏడాది పాటు నాకు తెలియలేదు.

మాస్టారి తరగతిలో మొదటి రెండు గంటలు రంగు ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కరికి ఒక పొడవాటి కార్డు ముక్క ఇచ్చి, దాని మీద ఒకే ఆకు బొమ్మను నాలుగు వరుసల్లో నాలుగు రకాల సిరాలతో అచ్చువేయించారు. మొదటి వరుస ఆఫీసుల్లో ముద్రలకు వాడే మామూలు ఊదా ప్యాడు. రెండోది మెమెంటో అనే డై సిరా, అంటే రంగు ద్రవంలో కరిగి ఉండేది. మూడోది వెర్సాఫైన్ అనే పిగ్మెంటు సిరా, అంటే రంగు కరగకుండా సన్నటి పొడిగా ఉండేది. నాలుగోది గాజు మీదా, ప్లాస్టిక్కు మీదా కూడా నిలిచే ద్రావకపు సిరా. ప్రతి వరుసలోనూ మూడు ఆకులు ఉన్నాయి. ఒక ఆకు మీద తడి కుంచె, ఒకదాని మీద ఆల్కహాలు మార్కరు, మరొకదాని మీద రంగు పెన్సిలు పెట్టి చూడమన్నారు.

ఫలితం కళ్లముందే కనబడింది. ఊదా ప్యాడు సిరా నీరు తగలగానే పారింది. మెమెంటో మార్కరుకు చెక్కుచెదరలేదు కానీ తడి కుంచెకు అంచు కొంచెం మసకబారింది. వెర్సాఫైన్ బాగా ఆరిన తరువాత నీటికి కదలలేదు, మార్కరు మొనకు మాత్రం నలుపు అంటుకుంది. ద్రావకపు సిరా నీటికి రాయిలా నిలిచి, మార్కరు తగలగానే నా నక్షత్రం లాగానే కరిగిపోయింది. నీటికి చెరగనిది ఆల్కహాలుకు కూడా చెరగదనుకోవడమే నేను చేసిన పొరపాటు. మార్కరులో రంగును మోసుకుపోయేది ఆల్కహాలు, ద్రావకపు సిరాను కరిగించేదీ అటువంటిదే. నీటి రంగులు వేయదలచుకుంటే పిగ్మెంటు సిరా, మార్కర్లు వాడదలచుకుంటే వాటికి సరిపడే డై సిరా, పెన్సిళ్లకు బాగా ఆరినది ఏదైనా సరే. ఏ రంగు సామాను కొనకముందే తెలుసుకోవలసిన ఈ సంగతి సామాను అమ్మినవారెవరూ నాకు చెప్పలేదు. ఆ కార్డు ముక్కను నా రంగుల పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాను.

ఆ రోజు పొద్దుటి నుంచి తుంపర పడుతూ ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గాలి ఎంత చెమ్మగా ఉంటుందో అందరికీ తెలుసు. నున్నటి కార్డు మీద వేసిన పిగ్మెంటు సిరా అరగంట గడిచినా వేలికి అంటుతూనే ఉంది. డై సిరా కాగితంలోకి ఇంకిపోతుంది, పిగ్మెంటు సిరాలో రంగు పొడి పైనే నిలబడి ఆరాలి, అందుకే దానికి సమయం ఎక్కువ కావాలని మాస్టారు వివరించి, వేడి గాలి యంత్రాన్ని జానెడు దూరంలో పట్టుకుని కొన్ని క్షణాలు చూపించారు. మన పండుగ కార్డులన్నీ తయారయ్యేది సరిగ్గా ఈ చెమ్మ నెలల్లోనే కాబట్టి, ఈ ఊరి వాతావరణం తెలిసిన మనిషి దగ్గర నేర్చుకోవడం వల్ల కలిగిన లాభం ఇది.

కాగితం గురించి ఆయన చెప్పింది తక్కువే, కానీ గట్టిగా చెప్పారు. మార్కర్లకు నున్నటి మందపాటి కార్డు, నీటి రంగులకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్ కలర్ కాగితం, పెన్సిళ్లకు కొద్దిగా గరుకుతనం ఉన్న కాగితం ఉండాలి. మార్కరు రంగు వెనక్కి దిగుతుంది కాబట్టి బొమ్మను విడి ముక్క మీద వేసుకుని, రంగులు పూర్తయ్యాక మడత కార్డు మీద అంటించాలి. ఇలా చేస్తే ఒక ముక్క చెడినా కార్డంతా పోదు. కొత్త పారదర్శక స్టాంపులకు సిరా సరిగా పట్టకపోతే పెన్సిలు రబ్బరుతో ముఖాన్ని తేలికగా రుద్దమన్నారు. అచ్చు వేసేటప్పుడు కింద పలచటి స్పాంజి షీటు పరచి, నిటారుగా ఒత్తి, అటూ ఇటూ ఊపకుండా పైకి తీయాలి. వీటికి అరగంట సరిపోయింది.

మధ్యాహ్నం నుంచి అసలు పాఠం మొదలైంది. మాస్టారు తన చేత్తో చెక్కుకున్న ఒక రబ్బరు స్టాంపు తీశారు. అరచేయంత ఒంగోలు గిత్త, ఎడమవైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు అన్నీ గీతలతోనే ఉన్నాయి, లోపల ఎక్కడా నలుపు నింపలేదు. తలా ఒక అచ్చు వేసుకుని, మీకు తోచినట్టు రంగు వేయండని అన్నారు. నా దగ్గర బూడిద రంగు మార్కరు ఉంది. గిత్త ఒళ్లంతా లేత బూడిద పరచి, పొట్ట కింద ముదురు బూడిద దిద్ది సంతృప్తి పడ్డాను. మాస్టారు కార్డు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "గిత్త తెల్లటిదని మీకు తెలుసు కదమ్మా, మరి తెలుపు ఎక్కడ మిగిల్చారు?" అని అడిగారు. నేను ఒక్క చోట కూడా మిగల్చలేదు.

తరువాత ఆయన తన కండువాను కిటికీ ఊచకు తగిలించి, ఎడమ పక్క నుంచి టేబుల్ దీపం వెలిగించారు. తెల్ల గుడ్డే, కానీ మడత మడతకూ ఒక లేత నీడ కనబడింది. ఆ నీడ సమంగా లేదు. మడత లోతులో సన్నటి ముదురు గీతగా మొదలై, బయటకు వచ్చే కొద్దీ పలచబడి, ఉబ్బిన చోట పూర్తిగా మాయమైంది. గుడ్డలో సగానికి పైగా భాగం మీద నీడ అసలు లేదు. "గంగడోలు ఇదే" అని ఆయన ఒక్క మాటే అన్నారు. మెడ కింద వేలాడే ఆ చర్మపు మడతలను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, కానీ అవి తెల్లగా ఉండి కూడా మడతలుగా ఎలా కనిపిస్తాయో ఆ కండువాను చూసేదాకా ఆలోచించలేదు.

రెండో అచ్చు ఆయన చెప్పిన క్రమంలో వేశాను. ముందుగా కార్డు పక్కన ఒక చీటీ అంటించి, దాని మీద ఎడమ పై మూలకు పెన్సిలుతో చిన్న సూర్యుణ్ణి గీసుకోవాలి. బొమ్మ పూర్తయ్యేదాకా వెలుగు అక్కడి నుంచే వస్తుంది, ఎక్కడా మారకూడదు. ఆ ప్రకారం గిత్త ముఖానికి, మూపురం ముందువైపుకు, వెన్నుకు వెలుగు. మూపురం వెనుక పల్లానికి, పొట్ట కిందికి, గంగడోలు మడతల లోతుకు, అవతలి కాళ్లకు నీడ. నీడ పడే చోటనే లేత బూడిదను, పొట్ట ఎత్తులో కింది మూడో వంతుకు మించకుండా, పరచాలి. అది తడిగా ఉండగానే ఇంకొంచెం ముదురు రంగును అంతకంటే సన్నగా, అన్నింటికంటే ముదురును గీత వెంబడి నూలుపోగంత వేయాలి. ఇప్పుడు వెనక్కి రావాలి. ముదురు, మధ్యరకం కలిసే చోట మళ్లీ మధ్యరకం, మధ్యరకం, లేత కలిసే చోట మళ్లీ లేత వేస్తూ అంచులు కరిగించాలి. చాలామంది ముందుకు వెళ్లడం నేర్చుకుని ఈ వెనక్కి రావడం మరిచిపోతారని, పట్టీలు పట్టీలుగా నీడ కనబడేది అందుకేనని మాస్టారు అన్నారు. నా పాత కార్డుల్లో గోడకు సున్నం చారలు పడినట్టు ఎందుకు ఉండేదో అర్థమైంది.

ఇక్కడ ఆయన చెప్పిన ఒక విషయం నేను ఇంకెక్కడా వినలేదు. ఒంగోలు జాతిలో మగ పశువుకు తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద మచ్చలు ఉంటాయి. అవి నీడ కాదు, ఒంటి రంగు. రెండింటినీ ఒకే మార్కరుతో వేస్తే చూసేవారికి ఏది మచ్చో, ఏది నీడో తెలియదు, బొమ్మ మురికిగా కనిపిస్తుంది. అందువల్ల నీడకు నీలిచాయ ఉన్న చల్లని బూడిద, మచ్చకు గోధుమచాయ ఉన్న వెచ్చని బూడిద వాడమన్నారు. కాపిక్ అనే జపాను ఆల్కహాలు మార్కర్లలో మొదటిదానికి సి వరుస, రెండోదానికి డబ్ల్యూ వరుస ఉన్నాయి. మేము వాడినవి సి 00, సి 1, సి 3, మచ్చలకు డబ్ల్యూ 3. మచ్చ మీద కూడా నీడ పడుతుంది కాబట్టి, మూపురం వెనుక వైపు డబ్ల్యూ 3 ఆరాక దాని మీద సి 3 ఒక పొర వేయించారు. ఆ ఒక్క పొరతో మూపురం కాగితం మీది నుంచి లేచి నిలబడింది. నా పక్కన కూర్చున్న టంగుటూరు అమ్మాయి తన కార్డును చేయి చాచి దూరంగా పట్టుకుని చూసుకుంటూ ఉండిపోయింది.

ఇంకా మూడు చిన్న పనులు మిగిలాయి. పొట్ట అడుగున, నేల నుంచి తిరిగి వచ్చే వెలుగు కోసం, గీతను ఆనుకుని సన్నటి ఇసుక రంగు పోగు వేశాము. కంటి చుట్టూ ఉండే నల్లని వలయం దిద్ది, గుడ్డులో తెల్ల జెల్ పెన్నుతో సూదిమొనంత చుక్క, అది కూడా సూర్యుడు ఉన్న వైపునే పెట్టాము. చివరగా గిట్టల కింద కుడివైపుకు వాలిన నీడ. అది వేసేదాకా గిత్త గాలిలో తేలుతున్నట్టే ఉంది, వేయగానే నేల మీద నిలబడింది. తెల్ల కాగితం మీద తెల్ల పశువు తేలిపోకుండా ఉండాలంటే వెనుక రంగు ఉండాలి కాబట్టి, పలచటి కాగితం మీద మరో అచ్చు వేసి కత్తిరించి గిత్త మీద మూతగా కప్పి, స్పాంజి ముక్కతో లేత నీలం సిరాను అంచుల నుంచి లోపలికి అద్దాము. మూత తీసినప్పుడు గిత్త తెలుపు నిజంగా తెలుపుగా కనిపించింది, కంటిలో పెట్టిన ఆ చుక్క తప్ప అప్పటిదాకా మేము దానికి తెల్ల రంగు ఏమీ వేయలేదు.

బ్రెజిల్ దేశంలో ఇదే జాతి పశువులను నెలోర్ అంటారని, అది మా నెల్లూరు పేరేనని ఆయన పని మధ్యలో చెప్పారు. నెల్లూరు జిల్లా మనిషిగా నాకు ఆ మాట సంతోషాన్నిచ్చింది, ఆ కార్డు లోపల శుభాకాంక్షల కింద ఆ సంగతి కూడా రాశాను.

కాపిక్ మార్కర్లు ఖరీదైనవి, ఒక్కోటి వందల రూపాయలు ఉంటుంది. 1987లో జపానులో వచ్చిన ఈ మార్కర్లకు ఉన్న గొప్ప సౌకర్యం వాటి అంకెలే. అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది, చివరి అంకె పెరిగే కొద్దీ రంగు ముదురు. బి 93, బి 95, బి 97 అని తీసుకుంటే ఒక నీలానికి వెలుగు, మధ్యరకం, నీడ సిద్ధంగా దొరుకుతాయి. అయితే అవే కొనాలని మాస్టారు ఎవరినీ ఒత్తిడి చేయలేదు. తక్కువ ధర పెట్టెలైనా సరే, మూత రంగును నమ్మకుండా, వాడబోయే కార్డు మీదే ప్రతి మార్కరుతో ఒక గడి నింపి, లేత నుంచి ముదురుకు వరుస పెట్టి, మూతల మీద మన అంకెలు మనం రాసుకోమన్నారు. ఇంటికి వచ్చి నా 48 మార్కర్లకు అలాగే చేశాను. అందులో పనికివచ్చే మూడేసి జతలు తొమ్మిది తేలాయి, మిగిలినవి ఏ వరుసలోనూ ఇమడలేదు. రంగులేని బ్లెండరు మార్కరు రంగులను కలపడానికని నేను అనుకునేదాన్ని. అది ఎక్కువగా రంగును వెనక్కి నెడుతుంది, గీత దాటిపోయిన రంగును లోపలికి తోయడానికి అదే సరైన సాధనం.

రెండో ఆదివారం రంగు పెన్సిళ్లు, నీటి రంగులు నేర్పారు. బంతిపూల అచ్చు ఇచ్చి, పసుపు పువ్వు నీడకు నలుపు పెన్సిలు ముట్టుకోవద్దన్నారు. పసుపు మీద నలుపు రుద్దితే పచ్చటి మకిలి వస్తుంది, నేను పక్క కాగితం మీద రుద్ది చూశాను, నిజమే. పసుపు, దాని మీద నారింజ, రెక్కల మొదట్లో ఎర్రమట్టి రంగు, చివరకు అడుగున చాలా తేలికగా ఊదా వేయాలి. పెన్సిలును ఎప్పుడూ గట్టిగా ఒత్తకూడదు. మొదట్లోనే ఒత్తితే కాగితం గరుకుతనం నలిగిపోయి తరువాతి పొరకు పట్టు దొరకదు. పేపరు స్టంపును (గట్టిగా చుట్టిన కాగితపు పుల్లను) రంగును కరిగించే వాసన లేని మినరల్ స్పిరిటులో కొద్దిగా ముంచి లేత నుంచి ముదురు వైపు రుద్దితే పెన్సిలు గీతలు కరిగి రంగు పూసినట్టు నునుపుగా వచ్చింది. మైనం పెన్సిళ్లు తొందరగా కలుస్తాయి, ఫాబెర్ కాస్టెల్ వారి పాలీక్రోమోస్ వంటి నూనె పెన్సిళ్లు మొన ఎక్కువసేపు నిలిచి సన్నటి రెక్కలకు బాగుంటాయి. నాకు కార్డులకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి పెన్సిళ్లదే. ఖర్చు తక్కువ, తప్పు దిద్దుకునే వ్యవధి ఉంటుంది, చెమ్మ రోజుల్లోనూ ఇబ్బంది పెట్టదు.

నీటి రంగులకు ఒక చక్కటి ఉపాయం చూపించారు. డై సిరా ప్యాడును ప్లాస్టిక్కు మూత మీద అద్ది, ఆ సిరానే తడి కుంచెతో తీసుకుని బొమ్మలో నింపవచ్చు, వేరే రంగుల పెట్టె అక్కరలేదు. నీడ పడే అంచున చిక్కటి రంగు పెట్టి, కుంచెను కడిగి, ఒట్టి నీటితో వెలుగు వైపు లాగితే ఛాయ దానంతటదే దిగుతుంది. పక్కపక్క రెక్కలను వెంటవెంటనే వేయకుండా ఒకటి విడిచి ఒకటి వేయాలి, లేకపోతే ఒకదాని తడి మరొకదానిలోకి పారుతుంది. అచ్చు మీద ఎంబాసింగు పొడి చల్లి వేడితో కరిగిస్తే గీతలు చిన్న గట్టుల్లా లేచి రంగును పొలంలో నీరులా ఆపుతాయి. పొడి చల్లేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఆ ఉక్కలో అది కొంచెం కష్టమే.

లోపాలు కూడా ఉన్నాయి. వేడి గాలి యంత్రం ఒక్కటే, ఆరుగురం వంతులవారీగా వాడుకోవలసి వచ్చింది, ఎంబాసింగు దగ్గర దాదాపు గంట సమయం అలా పోయింది. బూడిద మార్కర్లు రెండు జతలే ఉండటంతో, తడి ఆరకముందే వెనక్కి రావలసిన పనిలో మార్కరు పక్కవారి చేతిలో ఉండిపోయేది, నా మూడో గిత్త పొట్ట మీద పట్టీ పడింది అందుకే. నీటి రంగులకు కేటాయించిన సమయం చాలదు, మూడో ఆదివారం ఉండవలసినది. చెప్పినదేదీ కాగితం మీద ఇవ్వరు, నోటుపుస్తకం తీసుకువెళ్లనివారు చాలా విషయాలు పోగొట్టుకున్నారు. ఇవన్నీ నేను మాస్టారికి చెప్పే వచ్చాను. వచ్చే ఏడాదికి ఇంకో యంత్రం కొంటానని, రుసుము మాత్రం పెంచనని అన్నారు. ఐదు కార్డులు చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చాను, ఆ డబ్బు నాకు ఎక్కువ అనిపించలేదు. స్టాంపులు ఏవి కొనాలి, ఎక్కడ కొనాలి అని తెలుసుకోవడానికి వెళ్లేవారికి మాత్రం ఇది తగిన చోటు కాదు, అటువంటి మాటలే అక్కడ రావు.

వెళ్లదలచినవారు పాత నూలుగుడ్డ ఒకటి, 2బి పెన్సిలు, నోటుపుస్తకం తీసుకువెళ్లండి. పది గంటలకు తరగతి అయినా తొమ్మిదిన్నరకే చేరండి. గదిలో ట్యూబులైటు కింద లేత బూడిదలు రెండూ ఒకేలా కనబడతాయి, తూర్పు కిటికీ దగ్గర పగటి వెలుగులోనే ఏది చల్లనిదో, ఏది వెచ్చనిదో తేడా తెలుస్తుంది. ఆ కిటికీ పక్కన కుర్చీలు రెండే ఉన్నాయి.